గిర్ని ఆగని వార్తలు

దేవరకొండలో నా రేడియో దుకాణం పక్కనే పిండి గిర్ని ఉండేది. దాని మోటారు తిరిగితే గల్లీలో రేడియోలన్నీ గరగరమనేవి. అందుకే గిర్ని చాచా రోజూ వార్తల వేళకు మోటారు ఆపేవాడు.

బటన్ నొక్కితే తానే స్టేషన్ వెతుక్కునే రేడియో చేయాలని నాకు పంతం పట్టుకుంది. సిగ్నల్ బలాన్ని కొలిచే సర్క్యూట్ కట్టాను. మీటర్ ముల్లు పైకి లేస్తే వెతకడం ఆగాలి. హైదరాబాద్ స్టేషన్ దగ్గర సరిగ్గా ఆగింది. మరునాడు పొద్దున కొనడానికొచ్చిన ఒక గిరాకీకి చూపిస్తే, స్టేషనే లేని చోటల్లా ఆగింది. నేను పరీక్షించిందంతా వార్తల వేళ, గిర్ని ఆగినప్పుడే. మోటారులో లేచే నిప్పురవ్వల గరగరను కూడా అది స్టేషనే అనుకుంటోంది.

నా మీద నాకే ఒళ్ళు మండింది. రవ్వ క్షణంలో పోతుంది, స్టేషన్ నిలబడుతుంది. ముల్లు నిదానంగా లేచేలా పెద్ద కండెన్సర్ వేసి, వెతికే వేగం తగ్గించాను.

"చాచా, ఇయ్యాల వార్తలకు గిర్ని ఆపకు."

"మరి ఏం ఇనపడ్తది బేటా?"

"నడువనియ్యి."

ముల్లు వణికింది కానీ వెతకడం ఆగలేదు. హైదరాబాద్ వచ్చాకే ఆగింది.

మరునాడు వార్తల వేళకు, అలవాటుగా, గిర్ని ఆగింది. నా రేడియోను ఇంకోసారి పరీక్షించాలని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి మళ్ళీ నడిపించాను. ఆ పూట గల్లీ అంతా నన్ను తిట్టుకుంటూ గరగరే విన్నది.