కూర్చుని చెప్పిన మాట

మా ఆయన ఇంట్లో నోరెత్తని మనిషి. కూరగాయలవాడు పుచ్చు వంకాయలు తూచి ఇచ్చినా మారుమాట లేకుండా సంచీ పట్టుకుని వచ్చేసేవారు. నూలు మిల్లులో ఉద్యోగం. ఆదివారాలు ఫుట్‌బాల్ రిఫరీ పని. నల్ల చొక్కా తొడుక్కుని మైదానంలోకి దిగారంటే మాత్రం అంతంత ఆటగాళ్ళూ ఆయన కనుసన్నల్లో ఉండేవారు.

ఆ ధీమా పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళైన కొత్తలో బీరువా అద్దం ముందు నిలబడి సాధన చేసేవారు. నన్ను ఎదురుగా నిలబెట్టి, "నువ్వు ఆటగాడివి. నన్ను తిట్టు," అనేవారు.

"ఏమని తిట్టనండీ?"

"నీ ఇష్టం. మీద మీదకి రా."

నాకేం తోచక, "ఇవాళ మీకు అన్నం పెట్టను, పొండి," అన్నాను. చెయ్యి చాచి బిగుసుకుని నిలబడ్డ మనిషి ఫక్కున నవ్వేశారు. "ఈ బెదిరింపుకి ఏ రిఫరీ తట్టుకుంటాడే?" అన్నారు.

అడుగు వెనక్కి వెయ్యకూడదు, ఒకే మాట రెండుసార్లు చెప్పకూడదు, అన్నిటికన్నా ముందు విజిల్ గట్టిగా పడాలి అనేవారు. మెత్తగా ఊదితే రిఫరీకే అనుమానం ఉందని ఆటగాళ్ళు పసిగట్టేస్తారట.

ఏళ్ళు గడిచేకొద్దీ మిల్లు దూది ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు నన్ను వీధి చివర నిలబెట్టి తను మేడ మీంచి విజిల్ ఊదారు. వెనక్కి వచ్చి, "వినపడలేదండీ," అన్నాను.

"లారీ వెళ్ళింది కదా," అన్నారు.

లారీ ఏదీ వెళ్ళలేదు. ఆదివారం మళ్ళీ నల్ల చొక్కా తొడుక్కున్నారు.

ఆ రోజే జరిగింది. ఒకతన్ని పడదోస్తే ఫౌల్ అని ఈయన విజిల్ ఊదారు. ఊపిరి చాలక శబ్దం పైకి రాలేదు. ఆ రోజు ఆడుతున్న ఒక ఫ్యాక్టరీ జట్టులో పొడుగాటి కుర్రాడు ఉండేవాడు, అందరూ స్తంభం అని పిలిచేవారు. ఆట సాగుతోందనుకుని బంతి కోసం దూకాడు. అతని బూటు కిందపడ్డవాడి కాలి మీద పడి ఎముక విరిగింది.

ఈయన విజిల్ నోట పెట్టడం అందరూ చూశారు. విజిల్ పడ్డాక కావాలనే తొక్కాడని ఫుట్‌బాల్ సంఘంవాళ్ళు స్తంభం మీద విచారణ పెట్టారు. ఆట నుంచి తీసేస్తే ఉద్యోగమూ పోతుంది. ఆట కోసమే ఫ్యాక్టరీవాళ్ళు అతన్ని పెట్టుకున్నారు.

విచారణకి ఈయన నన్నూ తోడు రమ్మన్నారు. సంఘం ఆఫీసు మేడ మీద. మెట్లెక్కి వచ్చేసరికి నిలబడలేక కుర్చీలో కూలబడ్డారు.

"తప్పు నాది," అన్నారు, మాటమాటకీ ఆగుతూ. "ఊదాను. ఊపిరి అందలేదు. ఆ కుర్రాడికి వినపడలేదు."

కార్యదర్శి నవ్వాడు. "మీ విజిల్ సంగతి మాకు తెలీదా గురువుగారూ? పక్క వీధిలో కుక్కలు లేచేవి. కుర్రాడి మీద జాలిపడుతున్నారు, అంతేగా."

"జాలి కాదు. నిజం."

"నిజం చెప్పేటప్పుడు మీరు ఇలా ఉండరు," అన్నాడతను.

ఈయన లేవబోయారు. దగ్గు ముంచుకొచ్చింది. ఎవరో మంచినీళ్ళ గ్లాసు జరిపారు. అన్నేళ్ళూ ఆయన నిలబడి చెప్పింది నమ్మారు, కూర్చుని చెప్పింది నమ్మలేదు. స్తంభాన్ని ఏడాదిపాటు ఆడకూడదన్నారు. వారం తిరక్కుండానే ఫ్యాక్టరీవాళ్ళు అతన్ని పంపించేశారు.

ఈయన అతని ఇంటికి వెళ్ళి తీరాలన్నారు. వాళ్ళది పై అంతస్తు. మొదటి మలుపులోనే మెట్ల మీద కూర్చుండిపోయారు. నేనొక్కదాన్నే పైకి వెళ్ళి తలుపు కొట్టాను. వాళ్ళమ్మ తలుపు సగమే తీసింది. చెప్పాల్సింది చెప్పాను.

"ఈ మాట అక్కడ చెప్పాల్సింది కదమ్మా," అంది.

"చెప్పారమ్మా. నమ్మలేదు."

"మరి మేమెలా నమ్మాలి?"

అప్పుడు లోపల్నుంచి స్తంభం వచ్చాడు. మా ఇద్దరినీ దాటి మెట్లు దిగి, ఈయన పక్కన నిలబడ్డాడు. ఈయన తలెత్తి, "నీకు వినపడలేదు కదూ?" అని అడిగారు.

"లేదు సార్."

"ఆ మాటే చెప్పాను బాబూ."

"ఇంటికెళ్ళండి సార్. ఇంక రాకండి," అన్నాడు. కోపంగా అనలేదు. ఈయన్ని రెక్క పట్టుకుని వీధి దాకా దించి, రిక్షా పిలిచి ఎక్కించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఈయన మంచం దిగింది లేదు. స్తంభానికి వేసిన ఏడాది గడువు ఇంకా తీరకముందే పోయారు.