స్ప్రేయర్ డబ్బాలో మిగిలిన పెట్రోలు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది దర్శి పక్కన పల్లె. మిరప, కాస్త పత్తి వేస్తాం. మా ఆయన మోటార్ సైకిల్ పాతికేళ్లది. తొమ్మిదేళ్ల కిందట దాని కార్బొరేటర్ అరిగిపోయి పెట్రోలు కారడం మొదలెట్టింది. కంపెనీది కొనే స్తోమత మాకు లేదు. ఊరి సెంటర్లో మెకానిక్ మస్తాన్ గారి దగ్గరికి వెళ్లాం.

ఆయన గోనెపట్టా మీద రెండు కార్బొరేటర్లు పెట్టారు. ఒకటి అట్టపెట్టెలో తళతళలాడే చవకది. ఇంకొకటి మూలపడిన బండి నుంచి ఊడదీసిన పాతది. మా ఆయన చెయ్యి తళతళలాడేదాని మీదికే పోయింది.

"మెరుపు చూసి తీసుకోమాకన్నా. ఇది నెల్లాళ్లు నవ్విద్ది, తర్వాత ఏడిపిచ్చిద్ది. పాతదాంట్లో సూది, వాషర్లు కొత్తయి ఏసిస్తా. ఈ పంట అయ్యిందాకా పూచీ నాది" అన్నారు మస్తాన్ గారు.

పాతదే బిగించారు. తర్వాత స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. రెండో చేత్తో చిన్న స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పారు. దగ్గుతున్న బండి మెల్లగా కుదుటపడింది. దానికి అంత మెత్తని గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నిజం చెబుతున్నాను, నా ఒళ్లు జలదరించింది. చదువు లేని మనిషి ఇనుము మాట వింటున్నాడు. అంత గొప్ప పని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు.

నెల తిరగలేదు. మా ఆయన పొద్దున్నే పొదిలి వెళ్లాలి, కొట్టుకు పోయి సీసాడు పెట్రోలు తెచ్చి పొయ్యమన్నాడు. నేను రోజంతా మిరపకాయలు కోసి వచ్చాను. కొట్టుదాకా నడవడానికి బద్ధకించాను. కొట్టంలో మందు కొట్టే స్ప్రేయర్ కోసం ఆయిలు కలిపి ఉంచిన పెట్రోలు ఉంది, కిందటేడుది. అదే పోశాను. తెలియక పోశానని మీతో అనొచ్చు. అది బండికి పడదని తెలుసు. ఏదైతేనేం, పెట్రోలు పెట్రోలే కదా అనుకున్నాను.

బండి పొగలు కక్కి దారిలో ఆగిపోయింది. ఆ ఎండలో మా ఆయన తోసుకుంటూ నేరుగా సెంటరుకే తెచ్చాడు. కబురు విని నేనూ పరుగెత్తాను. ఎందుకు వెళ్లాను? నిజం చెప్పడానికా, అది బయటపడుతుందేమోనని చూడటానికా?

"ఏం మస్తానూ, చచ్చిన బండి సామాను మాకంటగడతావా?" అని మా ఆయన అరుస్తున్నాడు. టీకొట్టు దగ్గరి జనమంతా మూగారు.

మస్తాన్ గారు కార్బొరేటర్ అడుగున మర విప్పి, నాలుగు చుక్కలు అరచేతిలో పట్టారు. వేళ్లతో రుద్దారు. వాసన చూశారు. తలెత్తి, మా ఆయన వైపు కాదు, నా వైపు చూశారు. నా మొహంలో అంతా రాసి ఉంది. ఒక్క మాటంటే ఆయన పూచీ నిలబడేది. కానీ అంతకు ముందు ఏడు అదే సెంటర్లో మా ఆయన నన్ను కొడుతుంటే అడ్డం వచ్చింది ఆ మస్తాన్ గారే.

ఆయన చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నారు. "తప్పు నాదేనన్నా. సూది సరిగ్గా కూచోలా. బాగు చేసిస్తా" అన్నారు.

నేను నోరు విప్పలేదు.

పది రోజుల్లో 'మస్తాన్ పూచీ' ఊళ్లో ఎగతాళి మాటయింది. బండ్లన్నీ దర్శి దారి పట్టాయి. ఏడాది తిరిగేలోగా ఆయన షెడ్డు మూసి గుంటూరు వెళ్లిపోయారు. అక్కడ ఇంకొకరి దగ్గర పని చేస్తున్నారని విన్నాను.

మొదట్లో నన్ను ఆపింది భయమే. మరి తర్వాత? మా ఆయన మెత్తబడ్డాడు, నా మీద చెయ్యెత్తి ఏళ్లయింది. భయం పోయాక కూడా ఊరుకున్నానే, దానికి ఏ సాకూ లేదు. మంచిదాన్ననిపించుకోవడం అలవాటై ఊరుకున్నాను. తన పేరు పోతుందని తెలిసి కూడా ఆ మనిషి అంత నిబ్బరంగా ఎలా నిలబడ్డారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు దిగ్భ్రమే. అంత పెద్ద మనసు ముందు నేను చీమంత కూడా లేను.

ఆ కార్బొరేటరే ఇప్పటికీ మా బండిని నడుపుతోంది. "తిడితే గానీ మస్తాను సరిగ్గా చెయ్యలేదు చూడు" అంటాడు మా ఆయన ఒక్కోసారి. నేను కూర వడ్డిస్తాను.

ఆయన మొదటిసారే సరిగ్గా చేశారు. చెడగొట్టింది నేను. ఇలా రాసినంత మాత్రాన ఆయన పేరు ఆయనకు తిరిగి రాదు. నాకు మాత్రం ఊపిరి ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.