ఎక్కడ కళ్ళు మూసుకున్నవ్?

మొన్న నకిరేకల్ బస్టాండులో ఉండగా వాన పట్టుకుంది. ఒక ముసలాయన పరుగున వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుని, నెత్తి మీది గొంగడి తీసి దులిపి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. తడిసిన ఉన్ని వాసన గుప్పున కొట్టింది. గొర్రె, పొగ, మట్టి, చెమట అన్నీ కలిసిన వాసన అది. తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా అందదు. పట్టపగలు, చుట్టూ జనం, కండక్టర్ల కేకలు. నాకు మాత్రం చీకటి పడ్డట్టే అయింది. ఆ చీకట్లో ఎవరో ఆడవాళ్ళు గొంతెత్తి ఏడుస్తున్నారు. విఠల్ సారు వెనకెక్కడో నిలబడి ఉన్నారనిపించింది. సారు లేరని తెలిసి కూడా వెనక్కి తిరిగి చూశాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివేదాన్ని. విఠల్ సారు మాకు తెలుగు చెప్పేవారు. ఆదివారాలు కాలేజీలో ఒక గది కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, సొంత ప్రొజెక్టరు మోసుకొచ్చి, ఎక్కడెక్కడివో సినిమాలు చూపించేవారు. వాటిలో పాటలుండవు, ఫైట్లుండవు, హీరో ఎవరో ఆఖరుదాకా తేలదు. "ఇంటికాడ కూర మాడిపోతున్నా లేవొద్దు. ఆఖరిదాక చూడనోళ్ళు నాతోని మాట్లాడొద్దు" అనేవారు. మనిషి సన్నగా ఉండేవారు, గొంతు మాత్రం గదికి సరిపోయేది కాదు. అంత మొండిమనిషిని నేను మళ్ళీ చూడలేదు. అయినా ఆదివారం వస్తే మా కాళ్ళు అటే నడిచేవి.

సినిమా అయ్యాక బాగుందా అని అడిగే అలవాటు ఆయనకు లేదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి, "ఎక్కడ కళ్ళు మూసుకున్నవ్?" అని అడిగేవారు. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు, "ఎక్కడా మూసుకోలే సార్" అని గొప్పగా చెప్పాను. "అయితే నువ్వు చూడలే" అని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. మరో ఆదివారం నన్ను పిలిచి, నా కుర్చీని తెరకు వీపు పెట్టి వేశారు. "ఇయ్యాల గిట్ల కూసో సునీతా. అందరు సినిమాను చూస్తరు. నువ్వు వాళ్ళను చూడు." చూశాను. తెర వెలుగు పడి తెలిసిన ముఖాలన్నీ ఎవరివో అయిపోయాయి. ఒకే చోట ఒకరు నవ్వుతున్నారు, పక్కవాళ్ళు దవడ బిగిస్తున్నారు. ఎవరికీ తెలియకుండా మనుషుల్ని అంత తీరిగ్గా చూడటం భయంగానే ఉంది, వదలబుద్ధీ కాలేదు. ఆ రోజునుంచి ఏ హాలుకు పోయినా గోడవారగా కూర్చోవడం నాకు అలవాటైంది.

ఆ సినిమా వచ్చేసరికి నా డిగ్రీ అయిపోయి, సారు ఆదివారాల ఏర్పాట్లు నేనే చూస్తున్నాను. కోస్గి దగ్గరి గుట్టల్లోనే తీశారు దాన్ని. దేశంలోనూ బయటా బహుమతులొచ్చాయి. కథ చిన్నదే. ఒక గొర్లకాపరి మంద ఎవరిదో చేను మేసిందని ఊరంతా కలిసి అతన్ని గుంజకు కట్టి, కొట్టి చంపుతుంది. ఆ కొట్టడం చాలాసేపు సాగుతుంది. కెమెరా కదలదు, సంగీతం ఉండదు, కట్టె దెబ్బల చప్పుడొక్కటే. కాలేజీలో చూపించిన రోజు గది రెండుగా చీలిపోయింది. కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక లెక్చరరమ్మ, "మనిషి సావును గింత నిమ్మళంగ చూపెట్టుడు పాపం సార్" అని మధ్యలోనే వెళ్ళిపోయింది. వాదన వరండాలోకి, అక్కణ్ణించి టీ కొట్టుదాకా నడిచింది. సారు చప్పట్ల పక్షం. "అబద్ధం చూపెడితె పాపం. గిది నిజం" అన్నారు.

అంతటితో ఊరుకుంటే ఆయన విఠల్ సారెందుకవుతారు? సినిమాలో చచ్చిపోయే కాపరి వేషం వేసింది నటుడు కాదు, కోస్గి పక్క ఊరి బీరప్ప. నిజంగానే గొర్లు కాసుకునే మనిషి. "తీసింది వాళ్ళ జాగల, సంపింది వాళ్ళ మనిషిని. వాళ్ళకు చూపెట్టకుంట మనం చూసి చప్పట్లు కొట్టుడేంది?" అని కోస్గిలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. వద్దని చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. చెప్పినకొద్దీ ఆయన పట్టు బిగిసింది.

ఎండాకాలం, యాసంగి కోతల రోజులు. సినిమా వేసిన మధ్యాహ్నం కాలం కాని వాన మొదలైంది. కుర్చీల్లో పంతుళ్ళు, దుకాణాలవాళ్ళు, కాలేజీ పిల్లలు కూర్చున్నారు. ముందు చాపల మీద బీరప్ప ఊరివాళ్ళు, ఎక్కువగా ఆడవాళ్ళు. హాలు కిటికీలకు తెరల్లేవు. వెలుతురులో బొమ్మ కనబడదని సారు తల పట్టుకుంటే, గోడకు ఆనుకుని నిలబడ్డ మొగవాళ్ళు తడిసిన గొంగళ్ళు తీసిచ్చారు. కిటికీ కిటికీకీ ఒకటి కట్టాం. హాలు నల్లబడింది, ఆ వాసనతో నిండిపోయింది. బీరప్ప తల్లి ఎల్లవ్వ అందరికన్నా ముందు కూర్చుంది. బీరప్ప మాత్రం ఊళ్ళో లేడు. మందను తోలుకుని హుజూర్‌నగర్ దిక్కు కోసిన పొలాల్లో మేపుకోవడానికి పోయాడు. "వాని ఫోను మోగుతలేదు బిడ్డా. నాలుగొద్దులాయె" అని ఎల్లవ్వ నాతో చెప్పింది. సినిమాలో ఏముందని అడిగితే కొడుకు ఆమెతో అన్నది ఒక్కటే మాటట: "జర కింద పడుడు ఉంటదమ్మా."

మొదట హాలంతా సంబరంగానే ఉంది. గుట్ట కనబడితే గుట్ట పేరు అరిచారు. గొర్రె కనబడితే, "గదో, మన చుక్కగొర్రె!" అని నవ్వుకున్నారు. బీరప్పను గుంజకు కట్టారు. నవ్వు తగ్గింది. మొదటి దెబ్బ పడింది. చాపల మీద ఎవరూ కదల్లేదు. నేను గోడవారనుంచి ముఖాలు చూస్తున్నాను. వెనక కుర్చీల్లో ఒక పంతులు పక్కాయన చెవిలో, "ఏం తీసిండయ్యా!" అన్నాడు. గోడ దగ్గరి మొగవాళ్ళలో ఒకాయన ముందుకొచ్చి, "ఆపుండ్రి సారూ! బతికున్న మనిషికి గిదేం అపశకునం?" అని అరిచాడు. "కూసోవయ్యా, గిది కళ" అని కుర్చీల్లోంచి ఎవరో గదమాయించారు. సారు చెయ్యి లాప్‌టాప్ మీద ఉంది. ఆపుతారో ఆపరో ఆయన ముఖంలో నాకేమీ తెలియలేదు. అంతలో కరెంటు పోయింది.

తెర ఆరిపోయింది. సారు లాప్‌టాప్‌లో బొమ్మను ఆపేశారు. ఆ చీకట్లో చిన్న పలక మీద బీరప్ప ముఖమొక్కటే వెలుగుతోంది. నోరు సగం తెరిచి ఉంది, పైకెత్తిన కట్టె ఇంకా కిందికి దిగలేదు. కుర్చీలవాళ్ళు బతుకుజీవుడా అనుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయారు. ఆ సినిమా గొప్పదా, పాడుదా అని వాళ్ళు కొట్లాడుకోవడం గొంగళ్ళ అవతలనుంచి గొణుగుడులా వినిపిస్తోంది. చాపల మీది ఆడవాళ్ళు ఒక్కరూ లేవలేదు. ఆ ముఖం చూడలేక కాబోలు, సారు లాప్‌టాప్ మూత వంచబోయారు.

"ముయ్యకు సారూ" అంది ఎల్లవ్వ. లేచొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "సగంల ఆపితె వాడు సగం సచ్చి ఉండిపోతడు. పానం పోనియ్యి. మేం ఏడ్వాలె."

"అవ్వా, గది ఉత్త సినిమా" అన్నాను.

"ఉత్తది గాబట్టే ఏడ్వాలె బిడ్డా. కాకులు కూడంగ చూస్తే ఏం జేస్తరు? ఫలానోడు సచ్చిండని సుట్టాలకు ఉత్త కబురు పంపరా? వాళ్ళు నిజమనుకోని ఏడుస్తే గండం పోదా? గిది గూడ గసొంటి కబురే. ఎవలు పంపిండ్రో పంపిండ్రు. ఏడ్చినంక, అబద్ధమని మళ్ళ చెప్పాలె. గది నువ్వే చెప్పాలె సారూ. కబురు తెచ్చింది నువ్వే గద."

కాకులు జతకూడటం చూస్తే కీడని, అది పోవడానికి అలా అబద్ధపు చావు కబురు పంపడం మా ఇళ్ళల్లోనూ ఉంది. మా మేనత్త పోయిందని చిన్నప్పుడు మా అమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. సాయంత్రానికి ఆ మేనత్తే వచ్చి వాకిట్లో నిలబడి నవ్వింది. అది మాకు నవ్వులాట. ఎల్లవ్వ మాటలో నవ్వు లేదు. కొడుకు ఎక్కడున్నాడో, ఎట్లా ఉన్నాడో ఆమెకు తెలియదు. సారు కుర్చీ వదిలి చాప మీద కూర్చున్నారు. ఆ చీకట్లో బీరప్ప ముఖం చుట్టూ మేమంతా చావింట్లో కూర్చున్నట్టే కూర్చున్నాం. వాన చప్పుడు ఆగింది. వరండాలో వాదన కూడా ఎప్పుడో ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. సారు మీట నొక్కారు. ఆగిన కట్టె దిగింది. ఎల్లవ్వ శోకం ఎత్తుకుంది. "నా మందకు ముందు నడిచెటోడా, నా గొంగడి నీడా" అని ఆమె పిలిస్తే మిగిలిన ఆడవాళ్ళంతా అందుకున్నారు. సంగీతం లేని ఆ సినిమాకు వాళ్ళ ఏడుపు తోడైంది. పంతుళ్ళు తలుపుల దగ్గరికి వచ్చి నిలబడి చూస్తున్నారు. తెర మీద బీరప్ప తల వాలిపోయాక ఎల్లవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని సారు వైపు చూసింది. సారు లేచారు. అంత పెద్ద గొంతూ పీలగా వచ్చింది. "గిది అబద్ధం. బీరప్ప సావలేదు. బతికే ఉన్నడు" అన్నారు. ఇంటికి పోయినప్పుడు గడప దాటకముందే ఆ ఆడవాళ్ళంతా నెత్తిన నీళ్ళు పోసుకున్నారని తర్వాత తెలిసింది. కుర్చీలవాళ్ళలోనూ కొందరు పోసుకున్నారట, ఎవరికీ చెప్పకుండా.

బస్సులో మహబూబ్‌నగర్ వస్తుంటే నేనే అడిగాను, "ఎక్కడ కళ్ళు మూసుకున్నరు సార్?" అని. "అబద్ధమని చెప్పేటప్పుడు. వాడు బతికున్నడో లేడో నాకేం తెలుసు సునీతా?" అన్నారు. సారు అట్లా భయపడటం నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత రోజూ ఆయన బీరప్పకు ఫోన్ చేసేవారు. మోగేది కాదు. ఆ ఆదివారాలు సినిమాలు లేవు.

బీరప్ప వచ్చాడు. ఫోను కాలువలో పడిందట. ఎల్లవ్వ పంపితే కాలేజీకే వచ్చి, సారు గది ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. సారు లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నారు, వదల్లేదు. సినిమా చూస్తావా అని అడిగితే బీరప్ప నవ్వాడు. "నన్ను సంపింది నేనేం చూస్త సారూ? మా అమ్మ ఏడ్చిందట గద, సాలు." పోతూ పోతూ తలుపు దగ్గర ఆగాడు. "గా పగటీలి గాడ గూడ వాన వడ్డది సారూ. గొర్లు మేత ముట్టలే. మందంత పడమటి దిక్కు మొకం పెట్టి నిలవడ్డయి. అదిలిచ్చినా కదల్లే. ఏందో సమజ్ కాలే." హుజూర్‌నగర్‌కు కోస్గి పడమటే. సారు నా వైపు చూశారు. దాన్ని గురించి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి గాని, మధ్యలో లేచిపోయేవాళ్ళను సారు కోప్పడటం మానేశారు. గది తలుపు కూడా గడియ పెట్టనిచ్చేవారు కారు.

నాకు నకిరేకల్‌లో ఉద్యోగమొచ్చాక కూడా ఫోన్ చేసి, ఏం చూశావని కాకుండా, ఎవరిని చూశావని అడిగేవారు. ఒకరోజు ఆయన నంబరునుంచే ఫోనొస్తే నవ్వుతూ ఎత్తాను. వాళ్ళబ్బాయి మాట్లాడాడు. పొద్దున దవాఖానలో సారు పోయారని చెప్పాడు. నేను వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. అంత గట్టిగా ఏడవగలనని నాకే తెలియదు. ఏడ్చి ఏడ్చి ఎల్లవ్వకు ఫోన్ చేశాను.

ఆమె మొదట అడిగింది ఇది: "నిజమేనా బిడ్డా? ఎవలన్న కాకుల్ని చూసిండ్రా?"

"లేదవ్వా. నిజమే."

ఆమె మెల్లగా, "బాగ ఏడ్చినవా?" అంది. ఏడ్చానన్నాను. "అయితే జరసేపు ఆగు. మళ్ళ కబురు రావొచ్చు. ఫోను పక్కకు వెట్టకు" అంది.

ఇప్పుడు నేనూ మా కాలేజీ పిల్లలకు సినిమాలు చూపిస్తాను, ఎక్కడ కళ్ళు మూసుకున్నవ్ అని అడుగుతాను. తెర వెలిగినంతసేపూ అందర్నీ ఫోన్లు కట్టేయమంటాను. నాదొక్కటే కట్టేయను. సారు నంబరు అందులో ఇంకా అలాగే ఉంది. జరసేపే కదా అని ఆగుతున్నాను.