సర్దారు గుత్త

ముందు ఆ ఎద్దు యజమానికి పోయినవాటి లెక్క చెబుతాను. గుత్త సొమ్ములో రాకుండా పోయింది లక్షా ఎనభై వేలు. వైద్యానికి పద్నాలుగు వేల రెండు వందలు. బీమా ప్రీమియం ఆరు వేలు. బోరు వేయించడానికి తెచ్చిన లక్ష అప్పుకు, నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున, అదనంగా ఒక ఏడాది కట్టిన వడ్డీ ఇరవై నాలుగు వేలు. మొత్తం రెండు లక్షల ఇరవై నాలుగు వేల రెండు వందలు. ఎద్దు వెల ఐదు లక్షల నుంచి అరవై వేలకు పడిపోయింది గానీ, దాన్ని ఇందులో కలపకూడదు. ఆ వెల ఉండబట్టే గుత్త వచ్చింది. రెండూ కలిపితే ఒకే నష్టాన్ని రెండుసార్లు రాసినట్టవుతుంది. రావలసి ఉండి ఇంకా రానిది నష్టం కాదు, బాకీ. దాని సంగతి చివర చెబుతాను.

2005 నవంబరులో నన్ను ఒక బీమా సంస్థ కర్నూలు శాఖలో పశుబీమా ఇన్‌స్పెక్టరుగా వేశారు. నేను ఇంటర్ దాటలేదు. గుమాస్తాగా చేరి, పాత క్లెయిములు చదివి విలువ కట్టడం నేర్చుకున్నవాణ్ణి. ఇన్‌స్పెక్టరు పని మూడు ముక్కల్లో చెప్పవచ్చు. బీమాకు ముందు పశువును చూడటం, చెవికి బిళ్ల వేయించి గుర్తులు రాసుకోవడం, చచ్చినా చెడినా పోయి విచారించడం. గుర్తుల్లో ముఖ్యమైనవి ఒంటిమీది సుడులు. రైతు వాటిలో అదృష్టం చూస్తాడు, మేము ఆనవాలు చూస్తాం.

నాకు అప్పగించిన ప్రాంతంలో బనగానపల్లె ఉంది. అక్కడికి దగ్గరి పల్లెలో ఓబులేసు అనే రైతు దగ్గర సర్దారు అనే ఒంగోలు జాతి ఎద్దు ఉండేది. అప్పటికి దాని పేరు తెలియని తిరునాల లేదు. మా వైపు తిరునాలల్లో బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఒక కాడి కింద రెండెద్దులు, వెనక గొలుసుతో కట్టిన పెద్ద రాతిబండ. ఇచ్చిన నిమిషాల్లో ఏ జోడు ఎక్కువ అడుగులు లాగితే దానిది గెలుపు. సర్దారు కుడివైపు కట్టే ఎద్దు. మలుపు దగ్గర బండ ఆగిపోయే చోట మోకాళ్లు వంచి, మెడ దించి లాగేది. దాన్ని చూడటానికే లారీల మీద జనం వచ్చేవారు.

ఆ ఏడు కమలాపురంలో పప్పుల వ్యాపారం చేసే సుబ్బయ్య శెట్టి దాన్ని రెండు సీజన్లకు గుత్తకు తీసుకున్నాడు. గుత్త అంటే అమ్మకం కాదు. ఎద్దు ఓబులేసుదే, మేపేదీ అతనే. శెట్టి దగ్గర ఎడమవైపు కట్టే మంచి ఎద్దు ఒకటి ఉంది. దానికి జోడుగా సర్దారు దిగాలి, బహుమతులు శెట్టికి పోవాలి. బేరం పశువుల సంతలో జరిగినట్టే జరిగింది. దళారి ఖాజా తన తువ్వాలు పరిచాడు, దాని కింద ఇద్దరూ ఒకరి వేళ్లు ఒకరు పట్టుకున్నారు. ఏ వేలు నొక్కితే ఎంతో ఆ ఇద్దరికీ, దళారికీ తప్ప చుట్టూ నిలబడినవాళ్లకు తెలియదు. నోటితో అంకె అనరు. కాగితం రాయరు.

డిసెంబరులో నేను బీమా రాయడానికి వెళ్లినప్పుడు ఓబులేసుకు వివరంగా చెప్పాను. సేద్యపు ఎద్దుగా రాస్తే లక్షన్నర దాకా పశువైద్యుడు ధ్రువీకరిస్తాడు. చచ్చినా, ఏ పనికీ రాకుండా శాశ్వతంగా చెడినా ఆ లెక్కన పరిహారం వస్తుంది. కానీ పోటీలో తగిలిన దెబ్బకు రాదు. పోటీ ఎద్దుగా రాయాలంటే ప్రీమియం ఎక్కువ, పై కార్యాలయం అనుమతి కావాలి, గుత్త ఎంతో ప్రకటించాలి.

ఓబులేసు ఎద్దును అవతలి కొట్టంలోకి తోలించి వచ్చాక, అప్పుడు జవాబు చెప్పాడు.

"ధర పైకి చెప్పిన ఎద్దు కాడి కింద నిలబడదు సార్. మా నాయన కాలం నుంచీ చూస్తాండా."

చెప్పవద్దు, రాసి ఇస్తే చాలన్నాను.

"రాస్తే మాత్రం? కాగితం నోరు మూసుకోని ఉంటాదా?"

అది ఒక్క ఓబులేసు నమ్మకం కాదు. పోటీ ఎద్దులు పెంచేవాళ్లందరిదీ. దిష్టి బండ మీద కాదు, అంకె మీద పడుతుందంటారు. ఎద్దును తోలేవాళ్లు కూడా ధర బయటపడిన ఎద్దు పగ్గం ముట్టుకోరు. సేద్యపు ఎద్దుగానే రాశాను. ఆరు వేలు కట్టించుకున్నాను.

శివరాత్రికి జరిగిన మొదటి పోటీలో ఆ జోడు గెలిచింది. మార్చిలో కమలాపురం దగ్గర రెండో పోటీ. అక్కడ మలుపు తిరిగేటప్పుడు తడిపిన ఇసుకలో సర్దారు ముందరి కుడికాలు పక్కకు జారింది. పడలేదు. మిగిలిన నిమిషాలు మూడు కాళ్ల మీదే బరువు మోసి లాగింది, రెండో స్థానం వచ్చింది. మర్నాడు కొట్టంలో లేవలేదు. పశువైద్యుడు చూసి, జబ్బ కండరం చిరిగిందన్నాడు. ఆరు నెలలు కదిలించకుండా ఉంచితే మడక దున్నుతుంది, బండ మాత్రం లాగదు. ఈలోగా ఒక్కసారి బండ కట్టినా జబ్బ పూర్తిగా పోతుంది.

సీజనుకు నాలుగు పోటీలు. మూడోది ఏప్రిల్లో రాయచోటి వైపు ఒక తిరునాలలో. శెట్టి అప్పటికే కరపత్రాలు వేయించాడు. కబురు పంపాడు: సర్దారును తెచ్చి కాడి కింద నిలబెట్టకపోతే గుత్త చెల్లదు, ఒక్క రూపాయి ఇవ్వను. అతని బాధ అతనికీ ఉంది. తన ఎడమ ఎద్దును రెండు లక్షలకు పైగా పోసి కొన్నాడు, సర్దారుకు జోడవుతుందనే కొన్నాడు. ఒంటి ఎద్దుకు బండ కట్టరు. ఓబులేసేమో సీజను చివర గుత్త రెండో వాయిదా వస్తుందన్న ధీమాతో బోరుకు లక్ష అప్పు చేసి ఉన్నాడు.

ఓబులేసు మా శాఖకు దెబ్బ సంగతి తెలియజేశాడు. మా మేనేజరు నన్ను పిలిచి, ఆ తిరునాలకు పోయి చూడమన్నాడు. ఎద్దు బండ లాగితే అది చెడలేదన్నట్టు, ఫైలు మూసేయవచ్చు. లాగకపోతే మళ్లీ ఆలోచిద్దామన్నాడు.

నేను పోయేసరికి సర్దారు లారీ దిగి చింతచెట్టు నీడలో నిలబడి ఉంది. కుడికాలు నేలకు ఆనించి ఆనించనట్టు పెట్టింది. ఓబులేసు పక్కనే దళారి ఖాజా. మూడు వారాలుగా అతను ఒకే మాట నూరిపోస్తున్నాడని తరవాత తెలిసింది. కాడి కట్టు, నిలబడితే వాయిదా వస్తుంది, కాలు పోతే బీమా వస్తుంది, ఎటు చూసినా నీకు నష్టం లేదని. ఖాజా చెడ్డవాడు కాదు. గుత్త పోతే అతని దళారీ కూడా పోతుంది.

ఓబులేసు నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"కాడి కడితే ఎంత, కట్టకుంటే ఎంత? ఉన్నది ఉన్నట్టు చెప్పు సార్. దుడ్ల లెక్క నాకంటే నీకు బాగా తెలుసు."

గుత్త ఎంతో నాకు తెలియదు కాబట్టి మిగతాది చెప్పాను. కాడి కట్టి, కాలు పోతే మా సంస్థ నుంచి సున్నా. సేద్యపు ఎద్దు పోటీలో చెడితే పాలసీ వర్తించదు. దున్నడానికి కూడా పనికిరాని ఎద్దును కొనేది కబేళావాడే, వాడు ఇచ్చేది ఎనిమిది తొమ్మిది వేలు. కాడి కట్టి, ఎలాగో నిలబడితే, తరవాత మే నెలలో నాలుగో పోటీ కూడా నిలబడాలి. అప్పుడే వాయిదా. కట్టకపోతే బీమా నుంచి అప్పుడూ సున్నాయే, మడక దున్నే ఎద్దు కాబట్టి. కానీ సేద్యానికి అరవై వేల ఎద్దు ఇంట్లో ఉంటుంది. గుత్త సంగతి శెట్టి దయ.

"ఆయప్పకు దయ ఉండేది తూకం కాడనే" అన్నాడు ఓబులేసు. నవ్వలేదు.

ఆ పోటీలో ఒక నియమం ఉంది. మైకులో పేరు పిలిచాక ఐదు నిమిషాల్లో జోడును బండకు కట్టకపోతే తప్పిస్తారు. మధ్యాహ్నం రెండింటికి శెట్టి పేరూ, ఓబులేసు పేరూ కలిపి పిలిచారు. ఎడమ ఎద్దును అప్పటికే తెచ్చి నిలబెట్టారు. ఓబులేసు పగ్గం పట్టుకుని సర్దారును నడిపించాడు. కాలు ఈడ్చుకుంటూ నడిచింది. జనం ఈలలు వేశారు. పలక డప్పులు మోగాయి.

ఆ చప్పుడు వినగానే ఎద్దు మారిపోయింది. చెవులు నిక్కించి, కుంటడం ఆపి, ఎవరూ తోలకుండానే కాడి దగ్గరికి పోయి, మెడ దించి తనే కాడి కిందికి దూరింది. అలవాటైన పశువు అంతే చేస్తుంది. తోలే మనిషి మెడ పట్టెడను కాడికి బిగించడానికి వంగాడు.

శెట్టి గట్టిగా నవ్వాడు. "సూడప్పా ఓబులేసా, ఎద్దుకుండే పౌరుషం నీకు లేకపాయె. ఎద్దే ఒప్పుకున్నాక నీదేముండాది?"

"ఎద్దుకు లెక్క తెలీదు శెట్టిగారూ. నాకు తెలుసు."

అని ఓబులేసు పగ్గం వదిలిపెట్టి, వ్యాఖ్యానం చెప్పే బల్ల దగ్గరికి నడిచాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థం కాలేదు. ఖాజాకు అర్థమైంది. "వద్దు ఓబులేసా, వద్దు" అంటూ వెంటపడ్డాడు. ఓబులేసు వ్యాఖ్యాత చేతిలోని మైకు తీసుకున్నాడు. గొంతు ఎత్తలేదు.

"ఈ సర్దారు గుత్త రెండేండ్లకు మూడు లక్షల అరవై వేలు. వాయిదాకు లక్షా ఇరవై వేలు, మూడు వాయిదాలు. ఒకటి ముట్టింది. తువ్వాలు పరిచినోడు ఖాజా, ఈడనే ఉండాడు, అడుక్కోండి."

పలకలు ఆగాయి. తోలే మనిషి పట్టెడ వదిలేసి, రెండు చేతులూ పంచెకు తుడుచుకుని, వెనక్కి నడిచి గుంపులో కలిసిపోయాడు. శెట్టి ఇంకో మనిషిని పిలిచాడు, వాడూ రాలేదు. పగ్గం తనే పట్టుకోబోయి శెట్టి కూడా ఆగాడు. వెల బయటపడ్డ ఎద్దును కట్టి తన రెండు లక్షల ఎడమ ఎద్దుకు దిష్టి తగిలించుకోవడానికి అతనికీ ధైర్యం లేదు.

ఐదు నిమిషాలు అయిపోయాయి. జోడును తప్పించారు. సర్దారు మాత్రం కాడి కింద మెడ పెట్టి అలాగే నిలబడింది. దాన్ని వెనక్కి లాగడానికి ఓబులేసుకు చాలాసేపు పట్టింది.

నా నివేదికలో రాసింది ఇంతే: ఎద్దు బండ లాగలేదు, సేద్యానికి పనికివస్తుంది, పరిహారం వర్తించదు. మేనేజరు సంతకం పెట్టాడు.

వారం తరవాత కమలాపురంలో పంచాయితీ జరిగింది. సేద్యపు పాలసీ కాగితం చూపించి, ఎద్దు విలువే లక్షన్నర అయితే గుత్త మూడు లక్షల అరవై వేలు ఎట్లవుతుందని శెట్టి వాదించాడు. తువ్వాలు కింద తాను నొక్కిన వేళ్లు వేరన్నాడు. అక్కడే ఓబులేసు మైకు అతనికి అడ్డుపడింది. వాయిదా ఎంతో తిరునాలలో వందలమంది విన్నారు, అప్పుడు శెట్టి కాదనలేదు. ఖాజా కూడా అవునన్నాడు. సీజనులో నాలుగు పోటీలకు రెండు చేశాడు కాబట్టి రెండో వాయిదాలో సగం, అంటే అరవై వేలు ఓబులేసుకు రావాలి, మూడో వాయిదా రద్దు అని తేల్చారు. శెట్టి తల ఊపాడు. ఆరోజే పదిహేను వేలు చేతిలో పెట్టాడు.

సర్దారు ఆరు నెలలకు కోలుకుంది. తొమ్మిదేళ్లు మడక దున్నింది. తిరునాల పలకల చప్పుడు గాలికి వినబడితే మాత్రం ఆరోజు ఎవరి మాటా వినేది కాదని ఓబులేసు చెప్పేవాడు.

ఈ కేసు తరవాత నేను పని పద్ధతి ఒకటి మార్చుకున్నాను. పోటీ పశువు అని తెలిస్తే, యజమాని అంకె చెప్పేదాకా ఫారం ముట్టుకోలేదు. చెప్పనన్నవాళ్లకు బీమా రాయకుండా తిరిగివచ్చాను. దానివల్ల నా లక్ష్యం అందలేదు, రెండుసార్లు మెమో కూడా వచ్చింది. పేరున్న పశువు విలువ దాని కండలో ఉండదు, రేపు కూడా అది నిలబడుతుందన్న అంచనాలో ఉంటుంది. దెబ్బ తగిలిన మర్నాడు ఆ అంచనా ఎవరికీ గుర్తుండదు. దెబ్బకు ముందు నలుగురిలో పలికిన అంకె ఒక్కటే మిగులుతుంది. ఓబులేసు దాన్ని దెబ్బ తగిలాక పలికాడు, అందుకే దాని వల్ల ఎద్దు మిగిలింది గానీ సొమ్ము మిగల్లేదు.

శెట్టి తరవాత వ్యాపారం కొడుకులకు అప్పగించాడు. ఓబులేసు ఉగాదికోసారి కమలాపురం పోయి, కొట్టు ముందు కూర్చుని, టీ తాగి వస్తాడు. పంచాయితీ తేల్చిన అరవై వేలలో పదిహేను వేలు పోను, నేటికీ రావలసింది నలభై ఐదు వేలు.