టక్కు తర్వాత

టక్కులక్క అసలు పేరు ఆమె ఫోటోల దుకాణం బోర్డు మీద ఉంది. ఎవరూ చదవరు. ఇరవై రెండేళ్లుగా తన ముందు కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ఆమె చెప్పేది ఒకే మాట: "టక్కు అనేదాకా కదలకండి." పేరు అలా వచ్చింది. దాన్ని ఇంకాస్త సాగదీసి టక్కులమారి అని ఏడిపించేది మరిది ఒక్కడే. కెమెరాల షాపులో పని అతనిది.

ఈ మధ్య ఆమె కుడి మణికట్టు మొండికేసింది. పాత కెమెరా ఎత్తితే బొటనవేలి మొదలు నుంచి మోచేతి దాకా ఒకటే సలుపు. డాక్టరు రెండు దారులు చెప్పాడు: బరువు తగ్గించడం, లేదంటే పని మానెయ్యడం. రెండోదాని గురించి ఆమె ఇంట్లో నోరు విప్పలేదు. మందుల చీటీ వెనక రాసింది చదివి భర్త తెలుసుకున్నాడు. తమ్ముడి చెవిన వేశాడు.

మరిది రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పాత కంపెనీదే, కొత్త మోడల్. ఉన్న అయిదు లెన్సులూ దానికి పడతాయి. బరువులో మాత్రం పాతదానికి అక్క. రెండోది వేరే కంపెనీది. లోపల లేచిపడే అద్దం లేదు కాబట్టి తేలిక, చప్పుడూ లేదు. దానికి మారితే అయిదు లెన్సులూ వదులుకోవాలి.

"ఇంకా ఆలోచనేంటి వదినా? ఆ రోడ్డు రోలర్ని దింపెయ్."

"దీనికి నోరు లేదు కదయ్యా."

"కెమెరాకి నోరెందుకు? మా అన్నయ్యకే లేదు. ఆయన్ని వదిలేశావా?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొత్త కెమెరాను పెట్టెలో పెట్టేసింది. చప్పుడు కావాలంటే సెట్టింగుల్లో ఉందని అతను వినిపించి చూపించాడు.

"ఇదా టక్కు? దోమ తుమ్మినట్టుంది."

లెన్సుల మీద మమకారం, మరేం కాదు అనుకున్నాడు మరిది. వాటిలో నిజంగా వాడేవి ఎన్నో తేల్చి చూపిద్దామని ఆమె కంప్యూటరు తెరిచి పాత ఫోటోలు వరసగా చూశాడు.

మనిషికి రెండేసి ఉన్నాయి. మొదటిదాంట్లో బిగిసిన మెడ, ఆగిన ఊపిరి, తప్పు చేసి దొరికిపోయినట్టు కళ్లు. రెండోది అర సెకను తర్వాతది. భుజాలు దిగాయి. పెదవి మూల వదులైంది. మనిషి తన మొహంలోకి తిరిగి వచ్చాడు. ఇళ్ల గోడల మీదా, జేబుల్లోని కార్డుల మీదా ఉన్నవన్నీ ఆ రెండోవే. తన ఉద్యోగం కార్డు మీది ఫోటో కూడా వెతికి చూసుకున్నాడు. అదీ రెండోదే. ఇన్నేళ్లూ అది తన అందమే అనుకున్నాడు.

"అయితే వదినా, టక్కు అనేది..."

"అబద్ధం," అంది ఆమె, లెన్సు తుడుస్తూ. "అది వినపడితేగానీ మనుషులు ఊపిరి వదలరు. వదిలాక తీస్తాను."

"ఒక్కరికీ చెప్పలేదే!"

"చెబితే రెండోదానికీ బిగుసుకుంటారు."

"నిజంగానే టక్కులమారివి," అన్నాడు. ఈసారి ఆ మాటలో వెక్కిరింత లేదు.

మర్నాడు బస్సు డిపోలో గుర్తింపు కార్డుల పని. అరవై మంది. సాయానికి మరిది కూడా వెళ్లాడు. పన్నెండో మనిషి దగ్గర పాత కెమెరా ఆమె చేతిలో వణికింది. ఫోటో కదిలిపోయింది, మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆమె తీసిన ఫోటో కదలడం అతను ఎన్నడూ చూడలేదు. సంచిలోంచి తేలిక కెమెరా తీసి అందించాడు. ఆమె పాతదాన్ని పక్కన పెట్టి తీసుకుంది.

పదమూడో మనిషి మీసాల మెకానిక్. ఆమె తీసింది. అతను కదల్లేదు. మళ్లీ తీసింది. అతని మొహం కందగడ్డలా అవుతోంది.

"అయిపోయిందండీ."

"ఎక్కడ?" అన్నాడు, పళ్లు కదపకుండా. "టక్కు అనలేదుగా!"

"టక్కు," అంది ఆమె, నోటితో, విసుగ్గా.

అతను బుస్సుమని ఊపిరి వదిలాడు. మీసాల కింద నవ్వు పుట్టింది. అప్పటికే ఆమె వేలు నొక్కేసింది.

కెమెరా వెనక తెర మీద ఆ నవ్వు చూసుకుంది. తర్వాత తలెత్తి, "తర్వాతి వాళ్లు రండి," అంది.

మిగిలిన నలభై ఏడు మందికీ నోటితోనే అంది. అందరికీ ఒకేలా కాదు. బెదురుగా కూర్చున్నవాళ్లకు గుసగుసగా, బిర్రబిగుసుకున్నవాళ్లకు గడియ పడ్డట్టు. మరిది లైటు పట్టుకుని నిలబడి, పాత కెమెరాకు ఇన్ని గొంతులు లేవు కదా అనుకున్నాడు.

వారం తిరక్కుండా ఆమె అయిదు లెన్సులూ తుడిచి, పాత కెమెరాతో పాటు అతని చేతికిచ్చింది.

"ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు తిప్పడానికి కొంచెం బిగువు. తీసుకునేవాళ్లకు ముందే చెప్పు."

"చెబుతాలే. మణికట్టు గండం గడిచింది. రేపు గొంతు పట్టేస్తే?"

"మీ అన్నయ్యకు నేర్పిస్తాను. ఆయనకీ ఒక మాట వచ్చినట్టుంటుంది."