డ్రైవరు నడక, మధ్యలో రెండు స్టాపులు

మా వీధి చివరింట్లో ఉండే బస్సు డ్రైవరు దేవుడికిచ్చిన మాట తప్పాడని, నడిచి వెళ్తానని మొక్కుకుని బస్సెక్కి పోయాడని నెల రోజులుగా ఒకటే గుసగుసలు. మొదట అన్నది పాల కొట్టామె. ఆమె మరిది కళ్లారా చూశాడట. పాల కొట్టు దగ్గర "రెండు స్టాపులు ఎక్కాడు" అని బయల్దేరిన మాట ఇస్త్రీ బండి దగ్గరికొచ్చేసరికి సగం దారైంది. మా గుమ్మం తొక్కేసరికి అతను అసలు నడవనే లేదు. మా వీధిలో జరిగింది నాకు సరిగ్గా తెలియకపోతే నాకే నామోషీ. అందుకని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అతన్ని డిపోలో అందరూ నిదానం అని పిలుస్తారు. హారన్ కొట్టాలన్నా రెండుసార్లు ఆలోచించే మనిషి. ఇరవై రెండేళ్లుగా ఒకటే రూటు, డిపో నుంచి కొండల అవతలి ఊరిదాకా ముప్పై నాలుగు స్టాపులు. రెండేళ్ల కిందట ఆ చివరి కొండ దిగుతుంటే బ్రేకులు పోయాయి. బస్సులో ముప్పై ఎనిమిది మంది. రోడ్డు పనికని పక్కన పోసిన ఇసుక గుట్టలోకి బస్సుని దూర్చి ఆపాడు. ఒక పెద్దావిడ కళ్లజోడు తప్ప ఇంకేమీ విరగలేదు. ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి నిలబడ్డాడు. "ఈ రూటంతా కాళ్లతో నడుస్తాను. ఒక్కో స్టాపులో ఆగి ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంటాను. తిరిగొచ్చి ఇక్కడే సాక్ష్యం చెబుతాను" అన్నాడు. నేను మూడో వరసలోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

సెలవు దొరకడానికే రెండేళ్లు పట్టింది. నడిచొచ్చి ఇప్పటికి నాలుగు ఆదివారాలు. పాస్టరుగారు ప్రతి వారం "మన సహోదరుడు సాక్ష్యం చెబుతాడేమో" అని అతని వైపు చూస్తారు. అతను తలొంచుకుని పాటల పుస్తకంలో లేని పాట వెతుకుతుంటాడు. సాక్ష్యం కూడా మొక్కులో భాగమే. అది చెప్పకపోతే పాల కొట్టామె మాటే నిజమైపోతుంది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని ఇప్పటికే నలుగురూ అంటున్నారు.

మొదట అతని భార్య దగ్గరికి వెళ్లాను. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని పని చేస్తుంది. దిండు గలీబులు కుట్టించుకునే నెపంతో కూర్చున్నాను. నెపమని ఆమెకీ తెలుసు, గలీబు గుడ్డ చేతిలోకి కూడా తీసుకోలేదు.

"పెద్దమ్మా, నడిచాడో లేదో ఈ బూట్లనడుగు" అని గుమ్మం పక్కనుంచి తెచ్చి నా ముందు పెట్టింది.

ఎడమ బూటు బాగానే ఉంది. కుడిదాని మడమ మాత్రం ఏటవాలుగా అరిగిపోయింది. ఏళ్ల తరబడి ఆ మడమ నేలకానించి ముందు పాదంతో యాక్సిలరేటరు తొక్కీ తొక్కీ అలా అయిందట. 

"కొత్తవి కొనుక్కోమంటే విన్నాడా? ఇరవై రెండేళ్లు ఆ దారిలో తిరిగిన బూట్లు, దారి వీటికి తెలుసు అన్నాడు. బూట్లకి తెలుసు, మడమకి తెలియలేదు. రెండో రోజుకే బొబ్బ చితికింది."

దారి తనకి అరచేతిలో గీతలా తెలుసనుకోవడమే అతను చేసిన పొరపాటు. అతనికి తెలిసిన దారి సీట్లో కూర్చుంటే కనిపించేది. అతని లెక్కలో గేరు మార్చే చోటే ఎత్తు, మిగతాదంతా చదును. కాళ్లతో ఎక్కితేగానీ తెలియలేదు, గేరు మార్చక్కర్లేని ఎత్తులు ఎన్నున్నాయో. తొమ్మిదో స్టాపులో టీ కొట్టుంది కదా అని నీళ్లు తక్కువ తీసుకెళ్లాడు. ఆ కొట్టు బస్సు వేళకి తెరిచి, బస్సు పోగానే మూసేస్తారు. ఇన్నేళ్లలో అది మూసుండగా అతను ఒక్కసారీ చూడలేదు మరి.

"సాయంత్రాలు ఫోన్ చేసేవాడా?" అన్నాను.

"చేసేవాడు. మొదటి రోజు దారిని తిట్టాడు, రెండో రోజు బూట్లని, మూడో రోజు నన్ను."

"నువ్వేమన్నావు?"

"ఈ పూట స్తోత్రం చెప్పావా అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు."

మరి బస్సెక్కాడా అంటే, "నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నీకు చెబితే నాకూ చెప్పు" అని మిషను తిప్పడం మొదలుపెట్టింది. గలీబులు అలాగే వెనక్కి తెచ్చుకున్నాను.

తర్వాత మా మేడమీద గదిలో అద్దెకుండే కండక్టరమ్మాయిని మెట్ల మీద ఆపాను. ఆ రోజు ఆ బస్సులో ఉన్నది ఆమే. నెల రోజులు నా నెత్తి మీదే నిజాన్ని పెట్టుకుని ఊరంతా వెతికాను.

"ఎక్కాడు పిన్నిగారూ, అబద్ధమెందుకు" అంది.

నేను మెట్టు మీదే కూర్చున్నాను. ఆమె చేతిసంచి దింపి చెప్పింది.

"అసలు మావాళ్లే ఆయన ప్రాణం తీశారు. దాటే ప్రతి బస్సూ స్లో చెయ్యడం, 'బాబాయ్, బండి ట్రబులా? తొయ్యమంటావా?' అనడం. మొదటి రెండు రోజులూ నవ్వాడు. తర్వాత మా వైపు చూడటమే మానేశాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఇరవై ఏడో స్టాపులో బెంచీ మీద ఉన్నాడు, బూట్లు చేతిలో. మా డ్రైవరు ఎప్పట్లాగే ఆపి తలుపు తీశాడు. లేచి ఎక్కేశాడు పిన్నిగారూ. స్టాఫ్ పాసు ఉంది కదా బాబాయ్ అంటే, వద్దమ్మా, టికెట్టే కొట్టు, చివరి స్టాపుకి అన్నాడు."

"చివరి స్టాపుకా?"

"అవును. కిటికీ పక్కన కూర్చుని కాళ్లు చాపి కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, నిద్రలో కలవరిస్తున్నాడనుకున్నా. రెండు స్టాపులు దాటాక ఉలిక్కిపడి లేచి తనే బెల్లు తాడు లాగాడు. దిగాడు. దిగి ముందుకి వెళ్లలేదు, వెనక్కి నడిచాడు. తిరుగు ట్రిప్పులో వస్తుంటే చూశాం. మళ్లీ అదే ఇరవై ఏడో స్టాపులో, అదే బెంచీ మీద బూట్లు తొడుక్కుంటున్నాడు. మొదటిసారి మావాడు హారన్ కొట్టకుండా పోనిచ్చాడు."

అక్కణ్ణుంచి మళ్లీ ముందుకి నడిచి ఐదో రోజుకి చివరి స్టాపు చేరాడు. టైమ్ కీపరు గడియారం చూసి, "ఎంత లేటని రాసుకోమంటావు?" అన్నాడట. అతనికి నవ్వు రాలేదట.

ఐదో తరగతి చదివిన నాకే లెక్క తేలిపోయింది. బస్సులో పోయిన రెండు స్టాపుల దూరాన్నీ వెనక్కొకసారి, ముందుకొకసారి నడిచాడు. అంటే తగ్గలేదు, ఎక్కువే నడిచాడు. నేరుగా పాల కొట్టుకి వెళ్లి, పాలు పోయించుకోకుండా ముందు ఈ సంగతి చెప్పాను. ఆమె మరిది చూసిందీ నిజమే. ఎక్కడం చూశాడు, వెనక్కి నడవడం చూడలేదు. బస్సులో పోయేవాడికి వెనక ఏం జరిగిందో ఏం తెలుస్తుంది?

పాల కొట్టామె ఊరికే ఒప్పుకునే రకమా? "అంత నడిచినవాడు ఆ ముక్క చర్చిలో చెప్పుకోడానికేం? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అంది.

పాలు మరిచిపోయి ఇంటికొచ్చాను.

నిన్న సాయంత్రం అతను గుమ్మంలో కూర్చుని ఆ కుడి బూటుకి కొత్త మడమ అతికిస్తున్నాడు. నేను ఎదుటి అరుగు మీద కూర్చున్నాను.

"కాళ్లెలా ఉన్నాయి?" అన్నాను.

"ఉన్నాయి పెద్దమ్మా."

"నువ్వు వెనక్కి నడిచిన సంగతి నాకు తెలుసు."

జిగురు డబ్బా మూత పెట్టాడు. "కండక్టరు చెప్పిందా? ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు."

"ఆమెననకు. రేపు ఆదివారం. దేవుడికిచ్చిన మాటలో నడక అయింది, సాక్ష్యం మిగిలింది. ఎందుకు చెప్పవు?"

బూటు అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల మిషను చప్పుడు ఆగింది. అప్పుడు అన్నాడు:

"ఇరవై ఏడు స్టాపుల్లో ఆగి స్తోత్రం చెప్పాను పెద్దమ్మా. ఒక్కటీ మనసులోంచి రాలేదు. నీళ్లు లేకపోయినా స్తోత్రం, కొట్టు మూసున్నా స్తోత్రం, పళ్లు బిగించి, డ్యూటీ ఎక్కేముందు సంతకం పెట్టినట్టు. ఆ బస్సులో కూర్చుని కాళ్లు చాపుకున్నానా, అప్పుడొచ్చింది, పిలవకుండానే. ప్రభువా ఎంత మంచివాడివయ్యా అనుకున్నాను, ఏడుపొచ్చింది. రెండు స్టాపులు పోయాకగానీ నేనెక్కడ కూర్చున్నానో తెలివి రాలేదు. దిగి వెనక్కి నడిచాను. ఆ తర్వాత మళ్లీ పళ్లు బిగించడమే. ఇసుక గుట్ట ఉన్న చోట కూడా నిలబడ్డాను, మడమ నొప్పి తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఇప్పుడు నువ్వే చెప్పు. నడిచి స్తోత్రం చెబుతానని అందరి ముందూ మొక్కుకున్నవాణ్ణి, బస్సెక్కాక చెప్పాను అని ఏ మొహం పెట్టుకుని లేచి నిలబడను?"