ఆకు చూడలేదు

నా చిన్నప్పుడు, జబ్బుపడ్డ మా అమ్మను మా ఊరు చాకవేలు నుంచి చింతామణి ఆసుపత్రికి తీసుకుపోయే బస్సు కదులుతుండగా, ఆమె కిటికీలోంచి నన్ను చూసి ఏదో అంది. ఇంజను మోతలో నాకు వినబడలేదు. బస్సులో ఆమె పక్కనే కూర్చున్న నాన్నకూ వినబడలేదట. అమ్మ మళ్ళీ ప్రాణాలతో రాలేదు.

ఆ తరువాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాట ఏమిటో నాకు చెప్పారు. బాగా చదువుకోమందని మా అవ్వ. తమ్ముణ్ణి చూసుకోమందని మేనత్త. ఏడవొద్దందని పక్కింటామె. వీళ్ళెవరూ బస్సు దగ్గర లేరు. నా మీద ప్రేమతోనే చెప్పారు, కాదనను. కానీ ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేకొద్దీ, కదిలిన ఆ పెదాలు కూడా నా కళ్ళలో మారిపోతూ వచ్చాయి. అమ్మ ముఖమే మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది. అన్నం సయించేది కాదు.

మా చిన్నాయన బెంగళూరులో ఒక కాలేజీలో చెట్ల గురించి పాఠాలు చెప్పేవాడు. ఊరికొస్తే పూలూ కొమ్మలూ కోసి, పాత పేపర్ల మధ్య అణచి ఎండబెట్టి, అట్టలకు కుట్టి కాలేజీ బీరువాలో దాచేవాడు. అమ్మ పోయాక వచ్చిన ఎండాకాలం మొదట్లో నన్నూ వెంటబెట్టుకుని ఊరి వెనక గుట్టకు పోయాడు. అక్కడ కొండగోగు చెట్టొకటి ఆకన్నదే లేకుండా, అరచేతంత పసుపు పూలతో నిలబడి ఉంది. ఒక కొమ్మ కోసి, దాని వివరాలు రాసి అట్టకు అంటించే చీటీ నా చేతికిచ్చి రాయమన్నాడు. ఎండితే పువ్వు రంగు పోతుందట, అందుకని రంగు అక్కడికక్కడే రాయాలి. ఊరు, గుట్ట, బండల నేల, పసుపు పువ్వు అని రాశాను. ఆకు దగ్గరకొచ్చేసరికి, గోగాకు మాదిరి ఉంటుందని రాయబోయాను. పేరులోనే ఉంది కదా అని నా తెలివి.

చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చూసినావా పాపా?"

"లేదు. గోగు అంటాండారు కదా చిన్నాయనా."

"అంటే అననీలే. చూడంది రాస్తే, రేపు దీన్ని చదివేవాళ్ళు అదే నిజమనుకుంటారు. చూడలేదని రాయి. దాంట్లో తప్పేముండాది?"

ఆకు చూడలేదు, అని రాశాను. రాసి వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ ఏమందో నీకన్నా తెలుసా అని అడిగాను. ఏదో ఒకటి చెప్పి నన్ను ఊరుకోబెట్టడం ఆయనకూ వచ్చు. నా పక్కన బండ మీద కూర్చున్నాడు.

"నేను ఆడ లేనమ్మా. నాకు తెలీదు. నువ్వు చూసినంత మటుకు చెప్పు, వింటా."

చెప్పాను. కిటికీ కమ్మీ మీద అమ్మ చెయ్యి, జారిన కొంగు, కదిలిన పెదాలు. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు కానీ మధ్యలో ఒక్క మాట కలపలేదు. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

వానలు పడ్డాక ఆకు కోసం మళ్ళీ పోయాం. బండల కోసం గుట్టకు మందు పెట్టి పేల్చేశారు. చెట్టు లేదు, అది నిలబడిన చోటూ లేదు. చిన్నాయన వేరే చెట్టు ఆకు తెచ్చి ఆ అట్టకు కుట్టలేదు. చీటీ కూడా మార్చలేదు.

ఇప్పుడు ఆయనా లేడు. బీరువాలో ఆ పువ్వు ఎప్పుడో మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. నా మనవరాలు అప్పుడప్పుడూ, మీ అమ్మ ఆఖరికి ఏమనింది అవ్వా అని అడుగుతుంది. ఈ వయసులో తియ్యటి మాటలు నోటికి తేలిగ్గా వస్తాయి. చెప్పాలనీ ఉంటుంది. అయినా చెయ్యి, కొంగు, పెదాలు, అంతవరకే చెబుతాను. అమ్మ ఏమన్నదో నేను వినలేదు.